చుక్కకు తోక

సర్వపిండి చల్లారిపోయింది. చల్లారిన సర్వపిండి విరవాలంటే గడ్డపార కావాలని లక్ష్మణ్ పటేల్ ఇంట్లో అందరికీ తెలుసు. అయినా ఎవ్వరూ పళ్లెం వైపు చెయ్యి చాపలేదు.

హాల్లో నలుగురు కూర్చుని నాలుగు దిక్కులు చూస్తున్నారు. లక్ష్మణ్ పటేల్ ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ తొడుక్కుని గోడ గడియారం చూస్తున్నాడు. కొడుకు వంశీ ఫోన్ చూస్తున్నాడు. కోడలు ఇషిత పూజ పళ్లెంలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ సర్దిందే సర్దుతోంది. కూతురు నయన మాత్రం ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, మూత మీద రెండు చేతులూ వేసి, గుమ్మం వైపు చూస్తోంది.

"తింటరా, కుక్కకెయ్యాల్నా?" అంది సత్యమ్మ వంటింట్లోంచి. పటేల్ భార్య పోయిన నాటి నుంచి ఈ ఇంట్లో పొయ్యి ఆయన తల్లి, ఈ ముసలమ్మదే. "మొన్నటి సంది గిదే కథ. ఒకరు తింటే ఒకరు తినరు. నేనేమన్న హోటల్ పెట్టిన్నా?"

"నన్నడుగకు అవ్వా," అన్నాడు వంశీ. "నీ మనుమరాలిని అడుగు. ఇల్లంతటిని ఉపాసం పెట్టింది ఆమెనే."

"తినొద్దని నేనన్లే," అంది నయన. "అచ్చు కోయొద్దన్న. గంతే."

గంతేనట. ఆ రెండక్షరాల మాటకే లాల్‌గడి మలక్‌పేట్‌లోని ఈ ఇంట్లో మొన్నటి నుంచి ముద్ద దిగడం లేదు.

దూలపల్లిలో అన్నాచెల్లెళ్లు కలిసి నడుపుతున్న ప్రింటర్ల కంపెనీకి ఇవాళ పెద్ద రోజు. ప్రింటర్ కడుపులో లేజర్ చుక్కను కాగితం ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడిపించే పొడుగాటి ప్లాస్టిక్ లెన్స్ ఒకటి ఉంటుంది. దాన్ని పోత పోసే ఉక్కు అచ్చును గఫూర్ టూల్‌రూమ్‌లో ఈ పూట కోయడం మొదలుపెట్టాలి. పటేల్ ఇంటి ఆనవాయితీ ఏమిటంటే, బోరు వేసినా, పునాది తీసినా, లేఔట్‌లో మొదటి రాయి పాతినా, ఇంటి ఆడబిడ్డ చేత్తో బొట్టు పడాలి. నయన నడక నేర్చిన నాటి నుంచి ఆ బొట్టు ఆమెదే. అలాంటి పిల్ల మొన్న సాయంత్రం నట్టింట్లో నిలబడి, "గీ లెన్స్‌కు నేను బొట్టు పెట్ట" అనేసింది.

ఇంకా విడ్డూరం, ఆ లెన్స్ రూపం గీసిందీ ఆమే.

"గీసింది ఎవరు?" వంశీ ఫోన్ పక్కన పడేశాడు. "గీ సోఫాలనే కూసొని, అన్నా, మస్తుగ కుదిరింది అన్లేదా? గిప్పుడేమైంది?"

"అన్న మాట నిజమే. అప్పుడు వెలుగంటే సూటిగ పోయే గీత అనుకొని లెక్క కట్టిన. గీతలన్ని పడాల్సిన కాడనే పడ్డయి. సంబురపడ్డ. తర్వాత వెలుగును అల అనుకొని మళ్ల కట్టిన. అప్పుడు తేలింది."

"ఏం తేలింది?" అన్నాడు లక్ష్మణ్ పటేల్. పొద్దున లేచాక ఆయన నోరు విప్పడం ఇదే మొదలు.

నయన ల్యాప్‌టాప్ తెరిచి తండ్రి ముందుకు జరిపింది. నల్లటి తెర మీద ఎర్రటి చుక్క. ప్రింటర్‌లో డ్రమ్ము మీద లేజర్ వెలుగు ఏ రూపంలో పడుతుందో కంప్యూటర్ కట్టి చూపించిన బొమ్మ అది. పటేల్ జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు.

"గుండ్రంగనే ఉన్నది గదనే."

"అది నడిమిట్ల. గిప్పుడు కాగితం చివరకు పోదాం." ఆమె వేలు కదిపింది. చుక్క పక్కకు సాగింది, పలచబడింది, వెనక ఒక వంకర తోక మొలిచింది.

"గిదేంది, కప్పపిల్ల తీరుగున్నది?"

"కప్పపిల్లనే. రెండు చివర్లకు గిట్లనే వస్తాంది. లేజర్ ముందట చిన్న సందు ఉంటది నాయినా. వెలుగు అంచు ఆ సందుకు రాసుకొని చెదురుతది. నడిమిట్ల లెన్స్ దాన్ని సర్దుకుంటది. చివర్లకు ఏటవాలుగ పడుతది గనుక సర్దలేదు. మనం చేసేది మందు సీసాల లేబుళ్ల మిషన్. లేబుళ్లు కాగితం నిండ పక్కపక్కన పడుతయి. చివరి వరుసల సన్న గీతలు ఒకదానికొకటి అంటుకపోతయి. మందు పేరు, ఎప్పటిదాక వాడాల్నో ఆ తారీకు, ఆడనే ఉంటయి."

"కోడిగుడ్డు మీద ఈకలు పీకుడంటే గిదే," అన్నాడు వంశీ. "నాయినా, అది కంప్యూటర్‌ల బొమ్మ. ఇంక పుట్టనే లేదు లెన్స్, అప్పుడే రోగం చెప్తున్నది."

"నీది సుత కంప్యూటర్‌ల బొమ్మనే గదా అన్నా. నీకు నచ్చిన బొమ్మ నిజం, నచ్చంది ఈకనా?"

వంటింట్లో సత్యమ్మ కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు వంశీకి ఎక్కడో తగిలింది. లేచి నిలబడ్డాడు.

"నవ్వుండ్రి. మందుల కంపెనీ రవీందర్ సార్‌కు మాటిచ్చింది నేను. దసరాకు మిషన్ చూపియ్యాలె. మళ్ల రూపం మార్సుకుంట కూసుంటే దీపావళి దాటుతది. తుర్కపల్లి దిక్కు మందుల కంపెనీలకు మనం ఒక్కలమే దొరికినమా? ఆయన వేరే కాడికి పోతడు. షెడ్డుల పిల్లలు పని చేస్తున్రు, వాళ్ల మొఖాలు నేను చూడాలె. నీకేంది, నువ్వు బొమ్మలు చూసుకుంట కూసుంటవు."

అందులో అబద్ధం లేదు. షెడ్డు తాళం తీసేదీ, కరెంటోళ్లతో పంచాయితీ పెట్టుకునేదీ, కొనేవాళ్ల గుమ్మాల్లో గంటలు గంటలు కూర్చునేదీ వంశీయే. నయనకు అది తెలుసు. అన్న మీద ప్రేమ లేక కాదు ఈ మొండితనం. తెలిసి తెలిసి వంకర వస్తువును ఎవరి చేతిలోనో పెట్టడం ఆమె వల్ల కాదు, అంతే.

"ఆఖరికి నీకే గదనే ఇజ్జత్," వంశీ గొంతు కాస్త తగ్గింది. "అచ్చు మీద గఫూర్ భాయ్ ఎవరి పేరు కొడుతడు? నా పేరా? నీ పేరే గదా."

గఫూర్‌కు ఆ అలవాటు ఉంది. ఏ అచ్చు కోసినా, రూపం గీసినవాళ్ల పేరు పక్క పలక మీద ఉక్కులో దిగేలా కొట్టి పెడతాడు. ఊరికి దూరంగా దూలపల్లి షెడ్లలో పుట్టే వస్తువులకు ఎవరు తల్లో ఎవరు తండ్రో తెలియాలంటాడు.

"అందుకే వద్దంటున్న," అంది నయన.



నయన తండ్రి వైపు తిరిగింది. "నాయినా, ఒక్కటి అడుగుత. మన లేఔట్‌ల సున్నంతోని హద్దు పోసేటోడు, సక్కగున్న కాడ ఎట్ల పోస్తడు?"

"దారం పట్టినట్టు పోస్తడు."

"మూలకాడ మళ్లేటప్పుడు?"

పటేల్ కొంచెం ఆలోచించాడు. "ఆడ చెయ్యి ఆగుతది. కుప్ప పడుతది."

"ఆ కుప్పల ఏ అంచు హద్దు? ఇటుదా, అటుదా?"

పటేల్ చూపు మళ్లీ గోడ గడియారం మీదికి పోయింది. కారణం ఇంట్లో అందరికీ తెలుసు. బహదూర్‌పల్లి లేఔట్‌లో మూల ప్లాటు కొన్న ఇద్దరు మనుషులు అలాంటి సున్నం కుప్ప మీదే కొట్టుకున్నారు. ప్రహరీ గోడ సగం కట్టి కూలగొట్టారు. ఇప్పటికీ ఎదురుపడితే ఒకరు రోడ్డు దాటి అవతలికి పోతారు.

"నా లెన్స్ గట్లనే చేస్తాంది," అంది నయన. "నడిమిట్ల సక్కగ పోసి, మూలకాడ కుప్ప పెడుతున్నది."

ఆయనకు అర్థమైంది. కళ్లలో కనిపించింది. నయన గుండె ఒక్క క్షణం తేలికపడింది. కాని పటేల్ ఊరికే పటేల్ కాలేదు. కళ్లద్దాలు తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పంచాయితీ అయ్యింది, నిజమే. కూసోబెట్టి సర్ది చెప్పినం. గంతే గని, ప్లాట్లు అమ్ముడు ఆపినమానే?"

"సున్నం తుడిచి మళ్ల పోయొచ్చు నాయినా. ఉక్కు కోసినంక తుడువరాదు. తీసేసిన ఉక్కును మళ్ల అతికియ్యరాదు."

"నడువుండ్రి," అంటూ పటేల్ లేచాడు. "రవీందర్ సార్ ఆడ ఎదురు చూస్తుంటడు. అందరం పోదాం. నువ్వు సుత రా బిడ్డా. ఇంట్ల ఆడిబిడ్డ ఉండి రాలేదంటే నలుగురు నాలుగు తీర్లంటరు."

"వస్త. గని పెట్ట."

"ఆడ పళ్లెం పట్టుకొని నేనే అడుగుత."

"ఆడ సుత గిదే చెప్త."

తండ్రీ కూతుళ్లు ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకున్నారు. ఇద్దరివీ ఒకే కళ్లు, రెప్ప వేయడం కూడా ఒకే తీరు.

"మొండోడు రాజుకన్న బలవంతుడంటరు," అంది సత్యమ్మ మనవరాలి చేతిలో ఒక డబ్బా కుక్కుతూ. "గీ ఇంట్ల ఇద్దరు మొండోళ్లు తేలిన్రు. ఇగ రాజు గతేంగాను. ఇందులో వేడిది రెండు ముక్కలు పెట్టిన. కొట్లాటకు పోయేటోళ్లు కడుపు నింపుకొని పోవాలె."

*

తండ్రీ కొడుకులు కారులో ముందు వెళ్లిపోయారు. నయన తన స్కూటీ తీసింది. ఆ కారులో కూర్చుని అన్న మౌనం మోయడం ఆమెకు ఇష్టం లేకపోయింది. ఇషిత గబగబా వచ్చి వెనక ఎక్కింది.

"నువ్వు కార్ల పోవద్దా వదినా?"

"నీతోనే వస్త."

శామీర్‌పేట దాటాక, రింగురోడ్డు మీదికి రెండు చక్రాల బండ్లను రానివ్వరు గనుక పక్కరోడ్డు పట్టారు. ఇసుక లారీల దుమ్ము, కొత్త అపార్ట్‌మెంట్ల బోర్డులు, మధ్య మధ్య ఇంకా అమ్ముడుపోని వరి మడులు. ఇషిత వెనక నుంచి రెండు మూడుసార్లు గొంతు సవరించుకుంది. కంపెనీ ఆఫీసు పని చూసేది ఆమే. ఇంట్లో జరిగిన గొడవలో పొద్దుటి నుంచి ఒక్క మాట మాట్లాడనిదీ ఆమే.

"నయనా."

"చెప్పు వదినా."

"నువ్వు కోపం చెయ్యనంటే ఒకటి చెప్త."

"కోపం చేసేదైతే చేస్త. చెప్పు."

కండ్లకోయ దగ్గర బండి మెల్లగా అయ్యాక, ఇషిత ఆమె భుజం మీద నుంచి ముందుకు వంగి చెప్పింది. "పోయిన వారం మీ అన్న నన్ను డ్రాయింగ్ పంపమన్నడు. నువ్వు మొదట గీసింది, ఆఫీసు కంప్యూటర్‌ల ఉండే. నయన సరే అన్నదన్నడు. నేను పంపిన. గఫూర్ భాయ్‌కు."

నయన బండి ఆపింది. వెనక వచ్చే ఆటోవాడు హారన్ మోగించి, తిట్టి, పక్క నుంచి పోయాడు.

"మొన్న నేను డ్రాయింగ్ ఇయ్య అన్నప్పుడు నువ్వు ఆడనే ఉన్నవ్ గదా."

"ఉన్న. అప్పుడే నాకు తెలిసింది, నువ్వు సరే అన్లేదని. ఏం చెప్పాల్నో నోరు రాలేదు. చెప్తే మీ అన్నను అబద్ధాలోడని నలుగురిల నిలబెట్టినట్టయితది. చెప్పకుంటే నిన్ను..." ఆమె సీటు అంచు పట్టుకుంది. "రెండు దినాలాయె నాకు తిండి పోక. మీ కొట్లాటల అది ఎవరికి కనబడలే."

నయనకు ఒళ్లు మండింది. వదిన మీద కాదు. ఇంటిల్లిపాదీ అలకతో ఉపవాసం ఉంటే, ఈ పిల్ల భయంతో ఉపవాసం ఉంది. నయన డబ్బా తీసి వెనక్కి అందించింది.

"తిను. ఇంక కోయలేదు గదా. బొట్టు పడకుంట నాయిన కోయనియ్యడు. జల్దీ పోదాం. గట్టిగ పట్టుకో."

*

గఫూర్ టూల్‌రూమ్ ముందు కారు ఆగి ఉంది. లోపల మిషన్ తలుపు మీద కొత్త పసుపు గుడ్డ కప్పి ఉంది. పక్కన మందుల కంపెనీ రవీందర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లక్ష్మణ్ పటేల్ అగరుబత్తీలు వెలిగిస్తున్నాడు. వంశీ గోడవారన ఉన్నాడు, చెల్లెల్ని చూడగానే చూపు తిప్పుకున్నాడు.

"ఆవో బేటీ," అన్నాడు గఫూర్ నూనె చేతులు తుడుచుకుంటూ. తెల్ల గడ్డం, నుదుటి మీదికి ఎత్తిపెట్టిన కళ్లద్దాలు. "నీ కోసమే ఆగినం."

నయన ఆయన్ని చూడటం లేదు. మిషన్ కింద తొట్టిలోకి చూస్తోంది. తొట్టి నిండా ఉక్కు తురుము, మెరుస్తూ, చుట్టలు చుట్టలుగా. ఇంకా తుప్పు మచ్చ పడలేదు.

ఆమె వంగి ఒక చుట్ట చేతిలోకి తీసుకుంది. "గఫూర్ చాచా, ఇది దేనిది?"

"అరె, నీ అచ్చుదే గదా. మొన్ననే షురూ చేసిన. వంశీ బాబు జల్దీ అన్నడు. సగం దాటింది."

అగరుబత్తీ లక్ష్మణ్ పటేల్ చేతిలోనే ఆగిపోయింది.

"షురూ చేసినవా? నా బిడ్డ చెయ్యి పడకముందే?"

గఫూర్ ముఖంలో రంగు మారింది. వంశీ వైపు చూశాడు, మళ్లీ పటేల్ వైపు. "పటేలా, కసమ్, నీకు ఎర్కనే అనుకున్న. బాబు చెప్పిండు. బిస్మిల్లా అనుకుంట బటన్ నేనే ఒత్తిన."

పటేల్ వెళ్లి పసుపు గుడ్డను తనే తీశాడు. లోపల ఉక్కు దిమ్మ, మధ్యలో లెన్స్ ఆకారంలో సగం దిగిన లోయ, అద్దంలా నునుపుగా. దాని పక్క పలక మీద మూడక్షరాలు లోతుగా కొట్టి ఉన్నాయి. నయన.

ఆమె ఆ అక్షరాలను వేలితో తడిమింది. ఎప్పటి నుంచో కోరుకున్న పేరు అది, ఉక్కులో. కిందటి ఏడాది ఇదే షెడ్డులో వేరేవాళ్ల పేరు చూసి, నాది ఎప్పుడు పడుతుందో అనుకుంది. ఇప్పుడు పడింది, తోక ఉన్న చుక్క మీద.

"నాయినా, ఒక్క మాట వినుండ్రి," వంశీ ముందుకు వచ్చాడు. "నేను చెడగొట్టాలని చెయ్యలే. వారం ఆగితే మొత్తం పోతుండె. లెన్స్ మంచిగనే ఉన్నది. నా మాట నమ్ముండ్రి."

పటేల్ కొడుకును చూడలేదు. రవీందర్ ఉన్నాడు కదా. పటేల్‌కు ఇంటి గొడవ పరాయి మనిషి ముందు పరవడం ప్రాణం పోయినంత పని. పూజ పళ్లెం ఎత్తి కూతురి ముందు పట్టాడు.

"అయ్యిందేదో అయ్యింది. ఇంటికి పోయినంక మాట్లాడుకుందాం. పెద్దమనిషి నిలబడ్డడు. పెట్టు బిడ్డా."

పొద్దుటి నుంచీ ఏ మాట మీద నిలబడిందో ఆ మాట నయన నోటి దాకా వచ్చింది. కాని తండ్రి రెండు చేతులా పళ్లెం చాపి నిలబడ్డాడు. పళ్లెంలో కొబ్బరికాయ అటూ ఇటూ కదులుతోంది. పెట్టనంటే ఆ చేతులను ఇంతమందిలో వదిలేసినట్టు. పెడితే తనని తాను వదిలేసినట్టు.

"చాచా," అంది ఆమె. "చేతి గ్రైండర్ ఇయ్యి."

"ఎందుకు బేటీ?"

"ఇయ్యి."

గఫూర్ ఇచ్చాడు. ఇషిత వచ్చి స్విచ్ వేసింది, ఎవరినీ అడక్కుండా. నయన చున్నీ కొంగు నడుముకి దోపుకుని, బల్ల మీది కళ్లద్దాలు పెట్టుకుని, గ్రైండర్‌ను పక్క పలకకు ఆనించింది. నిప్పురవ్వలు లేచాయి. రవీందర్ రెండడుగులు వెనక్కి వేశాడు. మొదట 'న' పోయింది, తర్వాత 'య', తర్వాత మిగిలిందీ పోయింది. లోయను ఆమె తాకలేదు. పేరు ఉన్నచోట తెల్లటి గీతల మచ్చ ఒకటి మిగిలింది.

గ్రైండర్ ఆగాక చెవులు గింగురుమన్నాయి.

"నాయినా, బొట్టు పెట్టమంటే పెడుత," అంది నయన. "ఇంటి ఆడిబిడ్డను, కాదంటలే. గని నా పేరు మీద కాదు. ఎవరి పేరు మీద పెడుతున్ననో చెప్పుండ్రి." ఆమె అన్న వైపు తిరిగింది. "లెన్స్ మంచిగనే ఉన్నదన్నవ్ గదా అన్నా. చివరి వరుస లేబుల్ సుత సక్కగ పడుతదన్నవ్ గదా. రవీందర్ సార్ సుత విన్నడు. నీ పేరు కొట్టించు. కొట్టిన దెబ్బకే నేను బొట్టు పెడుత. ఇగ నోరెత్త."

గఫూర్ డబ్బాలోంచి అక్షరాల అచ్చులు తీశాడు. వెతికి 'వ' అక్షరం పట్టుకుని, తెల్లమచ్చ మీద నిలబెట్టి, సుత్తె ఎత్తాడు.

"కొట్టాల్నా వంశీ బాబు?"

పొద్దుటి నుంచి ఆగకుండా మాట్లాడిన వంశీ ఉక్కు వైపు చూశాడు. రవీందర్ వైపు చూశాడు. చెల్లెలి వైపు చూడలేకపోయాడు.

లక్ష్మణ్ పటేల్ చేతిలోని పళ్లెం మెల్లగా కిందికి దిగింది. ఇప్పుడు ఆయన కొడుకునే చూస్తున్నాడు, రెప్ప వేయకుండా.

ఎత్తిన సుత్తె దించకుండా గఫూర్ రెండోసారి అడిగాడు. "చెప్పు బాబు. కొట్టాల్నా, వద్దా?"